దుంగల కుప్పను వంటచెరకుగా కొట్టించడం: కోనసీమలో ఒక కేసు

అంబాజీపేట పరిసరాల్లో రెండెకరాల కొబ్బరితోట. అక్టోబరు చివర గాలివానకు గట్టు మీది పెద్ద చెట్లు, తోటలోని కొన్ని కొబ్బరి చెట్లు పడిపోయాయి. రైతు కొమ్మలు నరికించి, మానులను ముక్కలు చేయించి తోట గేటు పక్కన కుప్ప వేయించారు. వైశాఖంలో ఇంట్లో పెళ్లి. గాడిపొయ్యికి టన్నున్నర ఎండు పేళ్లు (చీల్చిన కట్టెలు) కావాలని వంట మేస్త్రి చెప్పాడు. ఆ పేళ్లు ఈ కుప్పలోంచి రావాలి, మిగిలింది అమ్ముడుపోవాలి, గేటు దగ్గర జాగా ఖాళీ కావాలి. మనుషుల్ని పెట్టి ఇదంతా ఎంతలో, ఎలా చేయించుకోవాలన్నది సమస్య.

కుప్పలో ఉన్నవి ఇవి. మామిడి దుంగలు 5: సగటున నాలుగున్నర అడుగుల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు. చింత దుంగలు 2: అయిదడుగుల చుట్టు, 6 అడుగుల పొడవు, రెండింటికీ ఒక కొసన పంగ. నిద్రగన్నేరు 3: ఆరున్నర అడుగుల చుట్టు, 8 అడుగుల పొడవు. కొబ్బరి ముక్కలు 9. చిల్లర కొమ్మలు పక్కన వేరే పోగు.

బేరానికి ముందు బరువు అంచనా వేసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 12.57తో భాగిస్తే అసలు ఘనపుటడుగులు వస్తాయి. కలప అడితిలో వాడే లెక్క ఇది కాదు. అక్కడ చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. ఆ లెక్కకు అసలు పరిమాణంలో 78 శాతం పైచిలుకే వస్తుంది. దూలాలకు, పలకలకు కోసే కలపకు అది సరిపోతుంది గాని, పుల్లల లెక్కకు వాడితే అయిదో వంతు కర్ర కాగితం మీదే మాయమవుతుంది. పచ్చి మామిడి ఘనపుటడుగు సుమారు 25 కిలోలు, పచ్చి చింత 32, పచ్చి నిద్రగన్నేరు 24 అనుకుంటే ఈ కుప్పలో మామిడి 1,610 కిలోలు, చింత 765, నిద్రగన్నేరు 1,940 తేలాయి. కొబ్బరిని ఈ లెక్కలోకి తీసుకోలేదు. కారణం తర్వాత వస్తుంది.

మనుషులు దొరికే కాలం కూడా చూసుకోవాలి. డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, నూర్పిళ్లు నడుస్తున్నప్పుడు గొడ్డలి పట్టే మనిషి దొరకడు, దొరికినా కూలి ఎక్కువ అడుగుతాడు. దాళ్వా (రబీ వరి) నాట్లు అందుకున్నాక మళ్లీ అదే తంతు. ఈ రెంటికీ మధ్య డిసెంబరులో వచ్చే చిన్న విరామంలో పని పెట్టుకున్నారు. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పడతాయి. అక్కణ్నుంచి వైశాఖం దాకా పేళ్లు ఆరడానికి నాలుగు నెలలకు పైగా ఎండ దొరుకుతుంది. దుంగను దుంగగానే ఉంచితే మాత్రం ఆ నాలుగు నెలలూ వృథా. తేమ ప్రధానంగా కోసిన ముఖాల నుంచి, చీల్చిన పక్కల నుంచి పోతుంది, బెరడులోంచి పోయేది చాలా తక్కువ. మామిడి దుంగ బెరడుతో అలా పడుంటే లోపల బూజు, పురుగు చేరి, ఏడాదికల్లా బరువే తప్ప మంట లేని కర్ర మిగులుతుంది.

ముఠా మేస్త్రి వచ్చి కుప్ప చుట్టూ తిరిగి చూసి ఒక మాట చెప్పాడు.

"మొత్తం గుత్తకిచ్చేయండి బాబుగారూ. కొట్టి, పేర్చి, జాగా ఊడ్చి వెళ్తామండి. పదివేలు ఇప్పించండి."

"కుప్పంతటికీ ఒకే ధర వద్దు మేస్త్రీ. రంపం మిషన్ పని వేరు, గొడ్డలి పని వేరు మాట్లాడుకుందాం."

"ఆయ్, అలాగే కానివ్వండి. కానీ చింతకి రేటు వేరండి. మామిడి రేటుకైతే మావోళ్లు చెయ్యి పెట్టరండి."

మేస్త్రి నోటి నుంచి వచ్చిన ఆ చివరి మాటే ఈ పని మొత్తానికి కీలకం. గుత్తకు ఇస్తే ఏ ముఠా అయినా సులువైన మామిడితో మొదలు పెడుతుంది. మొదటి రోజు సాయంత్రానికి కుప్ప సగమైనట్టు కనిపిస్తుంది, సగానికి పైగా డబ్బు చేతులు మారుతుంది. ఇక మిగిలేవి పంగలు, ముడులున్న మొద్దులు, మెలిపోగు ఉన్న నిద్రగన్నేరు. ఆ చివరి పాతిక వంతుకు పట్టే శ్రమ ముందు చేసిన ముప్పాతికకు సమానం. అప్పుడు ముఠా మరో ఊళ్లో పని ఒప్పుకుంటుంది, యజమాని ఫోన్లు చేస్తూ ఉంటాడు. ఇందులో ముఠాది మోసమని అనలేం, ధర కట్టిన తీరే అలాంటిది. సగపాలుకు ఇచ్చినా ఇంతే: మంచి పేళ్లలో సగం వాళ్ల బండెక్కుతాయి, పంగలన్నీ మీ వాటాకు వస్తాయి.

అందుకని బేరానికి ముందే కుప్పను మూడుగా విడదీయించారు. మామిడి, చింత పొయ్యికి. నిద్రగన్నేరు ఇటుక బట్టీకి. కొబ్బరి వేరే. విడదీసేటప్పుడు గన్నేరు కొమ్మలు కొన్ని బయటపడితే వాటిని పూర్తిగా పక్కన పెట్టారు. పూల గన్నేరు విషం, దాని కట్టె వంటపొయ్యిలోకి గాని, దాని పుల్ల వంటలోకి గాని రాకూడదు. నిద్రగన్నేరు పేరులో గన్నేరు ఉన్నా అది వేరే జాతి చెట్టు. పోగు కదిపేవాళ్లు ఈ రెంటినీ కలిపేయకుండా ఒకరు నిలబడి చూడాలి. వారాల తరబడి పడి ఉన్న కుప్పలో కట్లపాము, తేలు ఉంటాయనే అనుకుని ముందు పొడవాటి కర్రతో కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

నిద్రగన్నేరును పొయ్యికి వద్దనడానికి కారణం దాని పోగు, అంటే కర్రలో నార సాగే తీరు. ఒక పొర కుడికి, ఇంకో పొర ఎడమకు మెలిపడి ఉంటుంది. గొడ్డలి దిగుతుంది గాని చీలిక సాగదు. దాన్ని పేళ్లు చేయడానికి అయ్యే కూలి కర్ర విలువను మించుతుంది. ఇటుక బట్టీకి సన్న పేళ్ల అవసరం లేదు, లావు ముక్కలైనా తీసుకుంటారు, జనవరి నుంచి వానలు మొదలయ్యేదాకా వాళ్లకు కాల్పుల కాలం. అందుకే ఇందులో గొడ్డలి పనే పెట్టలేదు. మొదట అడిగిన పదివేలలో పెద్ద వాటా ఈ మూడు దుంగలను చీల్చడానికే పోయేది.

తర్వాత పొడవు. గాడిపొయ్యికి రెండున్నర, మూడడుగుల పేళ్లు కావాలి, మందం మూడు నాలుగు అంగుళాలు. ఇంటి పొయ్యికైతే అడుగూ అడుగుంపావు. మిషన్ మనిషికి "రెండున్నర" అని నోటిమాటగా చెబితే 8 అడుగుల దుంగకు మూడు కోతలు వేసి, చివర ఆరంగుళాల తునక మిగులుస్తాడు. రెండడుగుల ఎనిమిదంగుళాలని గీత గీసి ఇస్తే రెండు కోతల్లో మూడు సమాన తుండ్లు వస్తాయి, తునక ఉండదు. అయిదు మామిడి దుంగల మీద అయిదు కోతలు మిగిలాయి. చింతను మాత్రం రెండడుగులకే కోయించారు, ఎందుకంటే చింత తుండు పొడవు పెరిగేకొద్దీ చీల్చడం మరీ కష్టమవుతుంది. గీతలన్నీ ముందు రోజే సుద్దతో గీసి ఉంచాలి. మిషన్ గంటల లెక్కన నడుస్తుంటే టేపు పట్టుకుని నిలబడటం దండగ.

రంపం మిషన్ 58 సీసీది, 22 అంగుళాల బ్లేడుది వచ్చింది. గంటకు 500, మనిషి, పెట్రోలు, ఆయిలు, ఆకురాయి అన్నీ వాళ్లవే అని ఒప్పందం. చైను మేకుకు తగిలి పాడైతే ఎవరు పెట్టుకోవాలన్నది కూడా ముందే రాసుకున్నారు, యజమాని పెట్టుకోవాలని. ఇది న్యాయం. గట్టు మీది చెట్లకు ముళ్లకంచె కొట్టిందీ, బట్టల తీగకు మేకులు దిగగొట్టిందీ ఆ ఇంటివాళ్లే. కోసిన ముఖం మీద నీలి నలుపు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉన్నట్టే, కర్రలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి ఆ రంగు తేలుతుంది. అక్కడ ఆపి, కోత అరడుగు జరపాలి.

మేకు కంటే చైనుకు ఎక్కువ చేటు చేసేది మట్టి. దుంగ నేల మీదుండగా కోస్తే అడుగు దాకా వచ్చిన చైను ఒక్కసారి మట్టిని తాకుతుంది, అంతటితో పదును పోతుంది. పదును ఉన్న చైను నుంచి రవ్వలు రవ్వలుగా పొట్టు రాలుతుంది. మెత్తని పిండిలా రాలుతూ, కోత ఒక పక్కకు వంకర పోతూ ఉంటే ఆకురాయి పెట్టాల్సిందే. ఈ సైజు మిషన్లకు సాధారణంగా వచ్చే పాయింట్ 325 చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి సరిపోతుంది. మొద్దుబారిన చైనుతో నొక్కి కోస్తుంటే గంటలు పెరుగుతాయి, గంటకింత అని మాట్లాడుకున్నప్పుడు ఆ నష్టం యజమానిదే. అందుకే పెట్రోలు నింపే ప్రతిసారీ పదును పెట్టాలని ఒప్పందంలో చేర్చారు. కొబ్బరి ముక్కలు ఇక్కడ అక్కరకొచ్చాయి: రెండేసి ముక్కలు సమాంతరంగా పరిచి, గునపాలతో దుంగను వాటి మీదికి దొర్లించి కోశారు. నేలకూ కోతకూ మధ్య అడుగు ఎడం వచ్చింది.

రెండు కొసలా ఆనుకున్న దుంగను నడిమికి కోస్తే అది కిందికి కుంగి బ్లేడును నొక్కేస్తుంది. పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి పైకి తేవాలి. ఒక కొస గాలిలో ఉంటే తలకిందులు: ముందు కింది నుంచి మూడో వంతు, ఆపైన పైనుంచి. ఈ తేడా తెలియని మనిషి బ్లేడు ఇరికించుకుని, దాన్ని తీయడానికి గొడ్డలితో చుట్టూ నరుకుతూ అరగంట పోగొడతాడు. పని ఒప్పుకునే ముందే ఒక దుంగ చూపించి "దీన్ని ఎటు నుంచి కోస్తావు?" అని అడిగితే మనిషి ఏపాటివాడో తెలిసిపోతుంది.

నిద్రగన్నేరు వ్యాసం దాదాపు 25 అంగుళాలు, బ్లేడు 22. రెండు వైపుల నుంచీ కోయక తప్పదు. రెండడుగుల తుండు ఒక్కోటి 160 కిలోల పైనే ఉంది. అంత బరువు ట్రక్కులోకి ఎత్తడం కుదరదు గనుక ఒక్కో తుండుకు రెండేసి నిలువు కోతలు పెట్టించారు. తుండును నిలబెట్టి కోసిన ముఖం మీద బ్లేడు పెడితే పొడి రాలుతూ కోత ఎంతకీ తెమలదు. పక్కకు పడుకోబెట్టి బెరడు వైపు నుంచి, పోగు వెంబడి కోస్తే పొడవాటి పీచులా వస్తూ త్వరగా తెగుతుంది. ఆ పీచు చైను మూతలో ఇరుక్కుంటుంది, ఇంజను ఆపి తీస్తుండాలి. నడుస్తుండగా వేలు పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లను పనిలోంచి దింపేయడం మంచిది.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. బ్లేడు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్క ఉదుటున మనిషి మొహం మీదికి ఎగురుతుంది. ముక్కుతో పొడిచి కోయడం, భుజం ఎత్తుకు మించి పట్టి కోయడం, ఒంటిచేత్తో కోయడం ఒప్పుకోకూడదు. లుంగీతో, హవాయి చెప్పులతో వచ్చిన మనిషికి ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు ఉంటేనే మిషన్ స్టార్ట్ చేయమనాలి. సహాయకుడు మిషన్ నడుస్తున్నంతసేపు బాగా దూరంగా ఉండాలి. చైనుకు పాత ఇంజన్ ఆయిల్ వాడితే నల్లటి జిడ్డు కోసిన ముఖాలకు అంటుతుంది. వంటకు వాడే కర్ర గనుక శుభ్రమైన ఆయిల్ తెమ్మని ముందే చెప్పారు. అడ్డకోతలు మామిడికి 10, చింతకు 4, నిద్రగన్నేరుకు 9, వీటికి తోడు నిలువు కోతలు 24. అయిదు గంటల పని, 2,500 అయింది.

గొడ్డలి పనికి ధర పచ్చి బరువు మీద కట్టారు: మామిడి టన్నుకు 1,300, చింతకు 2,000. ఈ రేట్లు ఊరికీ ఊరికీ మారతాయి, వాటిని పట్టుకుని ఇంకోచోట బేరమాడితే కుదరదు. రెండు రేట్ల మధ్య తేడా మాత్రం ఎక్కడైనా ఉండాల్సిందే. ఇంకో షరతు: చింత ముందు కొట్టాలి, అది పూర్తయ్యాకే మామిడి డబ్బు మొదలవుతుంది. మనుషులు తాజాగా ఉన్నప్పుడు కష్టమైనది అయిపోతే సులువైనది దానంతటదే సాగుతుంది, మధ్యలో పని వదిలి వెళ్లాలన్న ఆలోచనా రాదు.

చింతను పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండిన చింత చేవ మీద గొడ్డలి ఎగిరి పడుతుంది. తుండు నడిమిలో కొట్టడం కొత్తవాళ్లు చేసే పని. కోసిన ముఖం మీద బీట ఎటు పోయిందో చూసి, అంచు నుంచి దాని వెంబడి కొట్టాలి. మొదట అంచు చెక్కలు ఊడదీసుకుంటూ లోపలికి రావాలి. ముడి ఉన్న కొస కిందికి, సాఫీగా ఉన్న కొస పైకి. గండ్రగొడ్డలి ఇరుక్కుంటే దాని వీపు మీద సమ్మెటతో బాదితే కన్ను సాగి గొడ్డలి పాడవుతుంది. దానికి బదులు బీటలో ఇనుప చీల దించి, ఆ వరుసలోనే అరడుగు అవతల రెండోది దించాలి, మొదటిది దానంతటదే వదులవుతుంది. చీలల తలలు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే వాడే ముందు అరగదీయించాలి, లేకపోతే దెబ్బకు ఇనుప రవ్వ ఎగిరి కంట్లో పడుతుంది. మామిడి పనిలో బెరడు సొన తగిలితే కొందరికి ఒళ్లు దద్దుర్లు లేస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోమనాలి.

చింత పంగలు రెండింటినీ చీల్చనివ్వలేదు. అడుగు మందాన, పగుళ్లు లేని చింత మొద్దుకు మాంసం కొట్ల దగ్గర ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కొట్టేకొద్దీ పొట్టు లేవని కర్ర అది. కోసిన ముఖాలకు పేడా మట్టీ మెత్తి నీడన పెడితే నెమ్మదిగా ఆరి బీటలివ్వదు. మామిడి పంగలు అలాంటి వాటికి పనికిరావు. వాటిని భోగి మంటకు పక్కన పెట్టారు. వాటి మీద గొడ్డలి కూలి పెట్టడం దండగ.

తూకం కొబ్బరి వ్యాపారి దగ్గర అద్దెకు తెచ్చిన కాటా మీద, ఏ రోజు కొట్టినవి ఆ సాయంత్రమే. కొట్టినవి కొట్టినట్టు పరిచి ఉంచి రెండు రోజుల తర్వాత తూస్తే సన్న పేళ్ల బరువు తగ్గుతుంది, ఆ తగ్గుదల ముఠా కూలిలో కోత పడుతుంది. అలాగని మంచు పడ్డ పొద్దుటి పూట తూసినా లెక్క తప్పుతుంది. "ట్రక్కుకింత" అనే లెక్క అసలు వద్దు. ఎగజిమ్మిన పేళ్లు పేర్చిన వాటికంటే ఒకటిన్నర రెట్ల జాగా తీసుకుంటాయి, ట్రక్కు నిండింది అన్నమాటకు అర్థమే ఉండదు. మామిడి 1,540 కిలోలు తూగింది. అంచనా కంటే తగ్గడానికి ఊడిన బెరడు, ఒక దుంగ లోపలి తొర్ర, పంగలు కారణం. చింత పంగలు పోగా 690. కూలి మామిడికి 2,002, చింతకు 1,380. మోసి పేర్చడానికి ఇద్దరికి ఒక రోజు, 1,200. మిషన్‌తో కలిపి మొత్తం 7,082.

నిద్రగన్నేరు వేబ్రిడ్జి మీద 1,860 కిలోలు. పచ్చి మీద టన్నుకు 2,800 చొప్పున బట్టీవాళ్లు 5,208 ఇచ్చారు, ట్రాక్టరు కిరాయి 1,500 పోగా 3,708. అది తీసేస్తే పొయ్యి కర్రకు పడ్డ ఖర్చు 3,374. పేళ్లు కొట్టిన రోజు తేమ 45 శాతం అనుకుని, 20 శాతానికి దిగేసరికి టన్ను కర్ర 690 కిలోలకు దగ్గరవుతుంది. అంటే 2,230 కిలోల పచ్చి పేళ్లు 1,530 కిలోల ఎండు పేళ్లు. కిలో రెండు రూపాయల ఇరవై పైసలు. కట్టెల అడితిలో కొనేటప్పుడు కూడా ఇదే లెక్క గుర్తుంచుకోవాలి: పచ్చి కర్ర టన్ను కొంటే మూడో వంతుకు దగ్గరగా నీళ్లకే డబ్బిస్తున్నట్టు.

కర్రను రోడ్డెక్కించే ముందు ఒక పని ఉంది. 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద ఏ జాతికి పర్మిట్ కావాలి, దేనికి మినహాయింపు అన్నది అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. పడిపోయిన చెట్టు సంగతి సరే, నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సాధారణంగా ముందుగా అనుమతి తీసుకోవాలి. తీర గ్రామాల నుంచి వచ్చే ముఠాల బండిలో మడ అడవుల కర్ర కలిసి ఉంటే దాన్ని మీ గేటులోకి రానివ్వకండి.

పేర్చడానికి అడుగున మళ్లీ కొబ్బరి ముక్కలే, నేలకు అరడుగు పైన. ఇంటి గోడకు ఆనించకూడదు, చెదలు కర్రలోంచి ద్వారబంధానికి పోతాయి. నాలుగడుగుల ఎత్తు, ఒక పేడు లోతు, పన్నెండు పదమూడు అడుగుల పొడవున ఒకటే వరుస, రెండు కొసల్లో అడ్డం నిలువు పేర్చి కట్టడి. పై వరుసలో బెరడు పైకి. బరకం పైన మాత్రమే కప్పి పక్కలు వదిలేయాలి. చుట్టూ కప్పి తాళ్లు బిగిస్తే సముద్రపు గాలి తేమంతా లోపలే నిలిచి తెల్లబూజు పడుతుంది. మూడు పేళ్లకు రంగు పూసి, మొదటి రోజు బరువు వాటి మీదే రాసి పెట్టారు. నాలుగు కిలోల పేడు 2.75 దగ్గరకు వచ్చి వారం తర్వాత కూడా అక్కడే నిలబడితే ఆరినట్టు. చింత పేళ్లు ఈ దశకు మామిడి కంటే చాలా ఆలస్యంగా వస్తాయి.

ఇక కొబ్బరి. దాని మానులో పోగు మామిడిలా ఉండదు. బయట గట్టి నార, లోపల నీళ్లు పీల్చే మెత్తని గుజ్జు. గొడ్డలికి తేలిగ్గా చీలదు, చైనును త్వరగా అరగదీస్తుంది, పొగ తప్ప వేడి లేదు. నిటారుగా, పగలని ముక్కలు పాకలకు దూలాలవుతాయి. మిగతావి ఇలా పట్టెలుగా వాడుకోవచ్చు, కానీ ఏళ్ల తరబడి వదిలేయడానికి లేదు. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది, అక్కడ పెరిగిన పురుగే పక్కనున్న కాపు చెట్ల మొవ్వు తొలుస్తుంది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమ తోటల్లో పడిపోయిన మానులను తొలగించడం ఎంత పెద్ద పనైందో ఇక్కడి పెద్ద రైతులకు గుర్తే. తలభాగాలను, అప్పటికే మెత్తబడిన ముక్కలను నిలువునా చీల్చి, ఎండనిచ్చి కాల్చేశారు. పట్టెలుగా వాడినవాటిని పేళ్లు ఖాళీ కాగానే అలాగే కాల్చాలని అనుకున్నారు.

పెళ్లి వంటకు చింత, మామిడి వేర్వేరుగా తీసుకునేలా పేర్చడం పనికొచ్చింది. అన్నం డేగిసాలకు, పప్పుకు చింత పెట్టారు, నిప్పు కణకణలాడుతూ చాలాసేపు నిలుస్తుంది. తీపి పాకాలకు, బూరెలకు మామిడి సన్న పేళ్లు, ఎందుకంటే లాగితే మంట వెంటనే తగ్గాలి. చింత నిప్పు మీద పాకం పెడితే పేళ్లు బయటికి లాగినా అడుగంటుతుంది.